పాదాల మీద పరిశోధన: శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు ఎక్కడ, ఎలా మొదలుపెట్టాలి

ఓపీలో ఒక రోజంతా ఓ మూల కూర్చుని గమనించండి. షుగర్ ఉన్న మనిషి వస్తాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచేస్తాడు. స్టూలు మీద కూర్చోగానే కాళ్ళు బల్ల కిందకి వెళ్ళిపోతాయి. డాక్టరు గారు రిపోర్టు చూస్తారు, బీపీ చూస్తారు, మందులు రాస్తారు. వెనక ఇంకా నలభై మంది నిలబడి ఉంటారు. అరికాలు ఎవరి కంటా పడకుండానే ఆ మనిషి ఇంటికి వెళ్ళిపోతాడు. కొన్నాళ్ళకి అదే మనిషి బొటనవేలు నల్లబడి సర్జరీ వార్డులో కనిపిస్తాడు.

ఫిజియోథెరపీ చదివే రోజుల్లో ఇలాంటివి చూసి చూసి పాదాల మీద పని చెయ్యాలనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేవాళ్ళు దొరకలేదు. ఇప్పుడు మన జిల్లాల పిల్లలు అదే ప్రశ్నతో నా దగ్గరకి వస్తున్నారు. "ల్యాబ్ లేదు, మెషిన్లు లేవు, మా కాలేజీలో పోడియాట్రీ డిపార్ట్‌మెంటే లేదు, ఇంక రీసెర్చ్ ఏం చేస్తాం?" అంటారు. ఒక చిన్న ప్రశ్న సరిగ్గా అడగడం, దాన్ని ప్రతి పాదం మీదా ఒకేలా కొలవడం. పాదాల పరిశోధనలో తొంభై శాతం పని ఇదే. ఆ పనికి ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా మనకున్నన్ని అవకాశాలు పెద్ద నగరాల విద్యార్థులకి కూడా లేవు.

మొదటి అడుగు: మీకు ఏ తలుపు తెరిచి ఉందో చూసుకోండి

పోడియాట్రీ అంటే పాదాలకీ చీలమండలకీ చేసే వైద్యం. అమెరికాలో డిగ్రీ తర్వాత నాలుగేళ్ళు చదివే డీపీఎం కోర్సు ఉంది. బ్రిటన్‌లో మూడేళ్ళ బీఎస్సీ ఉంది. మన రెండు జిల్లాల్లో పోడియాట్రీ కాలేజీ లేదు. అయితే అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టంలో పోడియాట్రిస్ట్ అనే వృత్తి పేరు ఉంది. అందుకే ఇప్పుడు ఎంబీబీఎస్, బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ), నర్సింగ్, ప్రోస్థెటిక్స్ (కృత్రిమ అవయవాల తయారీ) చదివేవాళ్ళలో ఎవరైనా పాదాల మీద చేసిన పని వృథా పోదు.

ఎంబీబీఎస్ విద్యార్థులకి రెండు మంచి దారులున్నాయి. ఒకటి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ళ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. అందరూ ఎస్‌టీఎస్ అంటారు. 1979లో మొదలైంది. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థులు తమ కాలేజీ ఫ్యాకల్టీలో ఒకరిని గైడ్‌గా పెట్టుకుని రెండు నెలల ప్రాజెక్టు చేస్తారు. ప్రపోజల్ ఎంపికై, పని పూర్తయ్యాక పంపిన రిపోర్టు కూడా ఆమోదం పొందితే స్టైపెండు, సర్టిఫికెట్ వస్తాయి. రెండు నెలలంటే తక్కువే అనిపిస్తుంది గానీ పాదాల పరీక్షకి అది సరిగ్గా సరిపోయే కాలం. నోటిఫికేషన్ వచ్చాక గైడ్ కోసం వెతకడం మొదలుపెడితే ఆలస్యం అయిపోయినట్టే. మంచి గైడ్లని సీనియర్లు ముందే అడిగేసి ఉంటారు.

రెండో దారిని చాలామంది పట్టించుకోరు. అది ఫ్యామిలీ అడాప్షన్ ప్రోగ్రామ్. మొదటి సంవత్సరంలోనే మీకు ఊళ్ళో కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. ఆ తర్వాత కూడా వాళ్ళ ఇళ్ళకి వెళ్తూ ఉంటారు. ఒకే మనిషి పాదాలని మూడేళ్ళ పాటు చూసే అవకాశం ఇంకెవరికి దొరుకుతుంది? ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఆ కుటుంబం మిమ్మల్ని రానిచ్చింది వైద్య సలహా కోసం. వాళ్ళ వివరాలు పరిశోధనకి వాడాలంటే విడిగా అనుమతి, విడిగా సంతకం కావాలి.

బీపీటీ వాళ్ళకి చివర్లో చేసే ప్రాజెక్టు ఉంది, దాని పీజీ అయిన ఎంపీటీకి డిసర్టేషన్ ఉంది. బీఎస్సీ నర్సింగ్‌లో రీసెర్చ్ సబ్జెక్టుతో పాటు గ్రూప్ ప్రాజెక్టు ఉంటుంది. నా అభిప్రాయంలో పాదాల పనికి అందరికంటే అనువైన స్థానంలో ఉన్నది నర్సింగ్ విద్యార్థులే. డ్రెస్సింగ్ చేసేది వాళ్ళు, రోజూ పుండు చూసేది వాళ్ళు. పుండు ఎప్పుడు మానుతోందో, ఎందుకు మానట్లేదో మొదట తెలిసేది కూడా వాళ్ళకే.

మన పక్కన ఉన్న చోట్లు ఇవి. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ, దాని ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్. చాలామందికి ఇప్పటికీ అది రిమ్సే. రాగోలులో జెమ్స్ మెడికల్ కాలేజీ. నెల్లిమర్లలో మిమ్స్ మెడికల్ కాలేజీ. విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ. పలాసలో 2023 డిసెంబరులో తెరిచిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి. ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిన సాలూరులో కుష్ఠు వైద్యానికి పేరున్న ఫిలడెల్ఫియా ఆసుపత్రి. ఇంకొంచెం ముందుకెళ్తే విశాఖ కేజీహెచ్.

రెండో అడుగు: ప్రశ్న ఊళ్ళో వెతకండి

"మధుమేహ పాదం మీద ఒక అధ్యయనం" అనేది ప్రశ్న కాదు. అది ఫైలు మీద రాసుకునే పేరు. ప్రశ్న అంటే ఎవరిలో, దేన్ని, దేనితో కొలిచి, ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఆ వాక్యం మీ అమ్మగారికి చెప్తే అర్థం కావాలి.

ఉద్దానం సంగతి తీసుకోండి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మధుమేహ పాదాలకి ప్రపంచమంతా వాడే, ఐడబ్ల్యూజీడీఎఫ్ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన మార్గదర్శకాల్లో పాదాలని 0 నుంచి 3 వరకు రిస్కు తరగతులుగా విడగొడతారు. స్పర్శ పోయినా, కాలికి రక్తప్రసరణ తగ్గినా, దానికి తోడు ఇంతకుముందు పుండు పడిందా, వేలు తీసేశారా, లేదా కిడ్నీలు పూర్తిగా పాడయ్యాయా అని చూస్తారు. స్పర్శ పోవడమో, ప్రసరణ తగ్గడమో ఉండి, దానికి ఈ చివరి మూడిట్లో ఒక్కటి తోడైనా ఆ మనిషి అన్నిటికంటే ప్రమాదకరమైన 3వ తరగతిలోకి వెళ్తాడు. ఈ పట్టిక మధుమేహం ఉన్నవాళ్ళ కోసం రాసింది. ఉద్దానంలో కిడ్నీలు పాడైన చాలామందికి మధుమేహం లేదు. మరి డయాలసిస్ మీద ఉండి, షుగర్ లేని జీడితోట కూలీ పాదం ఎంత ప్రమాదంలో ఉన్నట్టు? అతని అరికాలికి స్పర్శ ఉందా? కాలి మీద నాడి అందుతోందా? ఇది ఒక విద్యార్థి రెండు నెలల్లో చెయ్యగలిగిన పని. డయాలసిస్ జరిగే నాలుగు గంటలూ ఆ మనిషి కదలకుండా పడుకునే ఉంటాడు. ఆయనకీ విసుగు తగ్గుతుంది, మీకూ తీరిగ్గా పరీక్ష చేసే వీలు దొరుకుతుంది.

బోదకాలు ఇంకోటి. మన తీర మండలాల్లో పాత తరం వాళ్ళలో ఇప్పటికీ కనిపిస్తుంది. "చలిజ్వరం వచ్చింది, గజ్జల్లో బిళ్ళ కట్టింది, కాలు ఎర్రబడి మంట" అని చెప్పే ఆ దాడులకి కారణం చాలాసార్లు వేళ్ళ సందుల్లో పాచిన చర్మం. అక్కడి నుంచే సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి. రోజూ సబ్బుతో కడగడం, సందులు పొడిగా తుడవడం, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టడం నేర్పిస్తే ఈ దాడులు తగ్గుతాయని తెలిసిన విషయమే. నేర్పించిన ఆరు నెలలకి మన ఊళ్ళో ఎంతమంది ఇంకా చేస్తున్నారు? మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు? నీళ్ళ కొరతా, నడుం వంగకపోవడమా, చూసుకునే మనిషి లేకపోవడమా? ఈ ప్రశ్నకి పరికరం ఒక్కటీ అక్కర్లేదు. నోట్‌బుక్కు, ఓపిక చాలు.

కుష్ఠు నయమైనా స్పర్శ తిరిగి రానివాళ్ళు ఉంటారు. 1946లో వెల్లూరు వచ్చిన పాల్ బ్రాండ్ అనే సర్జన్ గుర్తించింది ఇదే. వేళ్ళు తమంతట తాము కుళ్ళి రాలిపోవట్లేదు. నొప్పి తెలియక మనిషి దెబ్బ మీదే నడిచి నడిచి పాదాన్ని పోగొట్టుకుంటున్నాడు. ఇవాళ మధుమేహ పాదానికి చేసే వైద్యంలో సగం ఆలోచన ఆ కుష్ఠు వార్డుల్లోంచి వచ్చిందే. వీళ్ళకి ఎంసీఆర్ అనే మెత్తటి రబ్బరు చెప్పులు ఇస్తారు. ఇచ్చిన చెప్పులు వేసుకుంటున్నారా? చూడగానే జబ్బు తెలిసిపోతుందని ఇంట్లో దాచేస్తున్నారా? ఇళ్ళకి వెళ్ళి చెప్పు అరుగుదల చూస్తే అడక్కుండానే సగం జవాబు దొరుకుతుంది.

ఇంకొన్ని చెప్తాను. గోగు నార తీసేటప్పుడు రోజంతా కుళ్ళిన నీళ్ళలో నిలబడేవాళ్ళ వేళ్ళ సందులు. పొందూరు మగ్గం గుంటలో కూర్చుని తొక్కుడు పలకలు తొక్కే నేతన్నల పాదాల నొప్పులు. మెట్టెలు వేసుకునే రెండో వేలు, వాపు వచ్చినప్పుడు అది ఒరుసుకుపోవడం. స్పర్శ తగ్గినవాళ్ళు పైడితల్లి సిరిమానోత్సవానికో, అరసవల్లికో చెప్పులు లేకుండా ఎండలో నడిచి వచ్చాక అరికాలికి లేచే బొబ్బలు. షుగర్ ఉన్నవాళ్ళని "చెప్పులు వేసుకుంటారా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "ఇంట్లో?" అని అడిగి చూడండి.

మూడో అడుగు: ముందు ఎవరేం చేశారో చదవండి

దీనికి ఎక్కువ రోజులు తియ్యకండి. వైద్య వ్యాసాల కోసం పబ్‌మెడ్, గూగుల్ స్కాలర్, మన దేశపు థీసిస్‌ల కోసం శోధ్‌గంగ. వారం రోజులు గట్టిగా కూర్చుంటే సరిపోతుంది. ఇరవై వ్యాసాలు దొరికితే అందులో మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న ఐదు పూర్తిగా చదవండి, ముఖ్యంగా వాళ్ళు ఎలా కొలిచారో రాసిన భాగం. చదివినవి జోటెరో అనే సాఫ్ట్‌వేర్‌లో దాచుకోండి, అది ఉచితం. ఐడబ్ల్యూజీడీఎఫ్ వాళ్ళు 2023లో మార్గదర్శకాలని సవరించారు, అవీ ఉచితంగానే దొరుకుతాయి. ఎవరో చేసిన పనిని మన ఊళ్ళో మళ్ళీ చెయ్యడం చిన్నతనమేమీ కాదు. చెన్నై ఆసుపత్రిలో దొరికిన ఫలితం చెప్పుల్లేకుండా పొలం గట్ల మీద నడిచే మనిషికి వర్తిస్తుందో లేదో చూడాల్సిందే.

నాలుగో అడుగు: గైడ్, ఎథిక్స్ అనుమతి

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు పెద్ద పేరు చూడకండి. వారానికి అరగంట మీకు ఇవ్వగలరా అనేది చూడండి. సర్జరీ, జనరల్ మెడిసిన్, చర్మవ్యాధులు, కమ్యూనిటీ మెడిసిన్, ఫిజియోథెరపీ, వీటిలో ఏ విభాగమైనా పనికొస్తుంది. వెళ్ళేటప్పుడు ఖాళీ చేతులతో వెళ్ళి "సార్, ఏదైనా టాపిక్ ఇవ్వండి" అనకండి. ఒక్క పేజీ రాసుకుని వెళ్ళండి: ప్రశ్న, ఎవరిలో, ఎంతమంది, ఏం కొలుస్తాను, ఎన్నాళ్ళు. ఆ పేజీ ఉంటే సంభాషణ పది నిమిషాల్లో అసలు విషయానికి వస్తుంది.

మనుషుల మీద చేసే పరిశోధనకి అనుమతి ఇచ్చేది ఎథిక్స్ కమిటీ. దాని సంగతి నా సొంత నష్టంతో చెప్తున్నాను. చదువుకునేటప్పుడు నేను అరవై మందికి పాదాల పరీక్ష చేశాను, రెండు నెలల ఎండల్లో. "పని మొదలుపెట్టు, అనుమతి తర్వాత చూద్దాం" అన్నారు నాకు గైడ్‌గా ఉన్నాయన. తర్వాత కమిటీ ముందుకి వెళ్తే, జరిగిపోయిన పనికి వెనక తేదీతో అనుమతి ఇచ్చే పద్ధతి లేదన్నారు. వాళ్ళు అన్నది న్యాయమే. ఆ అరవై మంది వివరాలు ఇవాళ్టికీ నా దగ్గర ఒక అట్ట ఫైల్లో ఉన్నాయి, దేనికీ పనికిరాకుండా. ఆ అరవై మందికీ నేను సమాధానం చెప్పుకోలేను. అందుకే ప్రతి విద్యార్థికీ చెప్తున్నాను: అనుమతి కాగితం చేతికి రాకుండా ఒక్క పాదం కూడా ముట్టుకోకండి.

ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలు కమిటీలన్నిటికీ ఆధారం. మామూలు పాదాల పరీక్ష లాంటి తక్కువ రిస్కు పనికి త్వరిత పరిశీలన ఉంటుంది. మీరు కొత్త చెప్పో, కొత్త డ్రెస్సింగో ఇచ్చి తేడా చూడాలనుకుంటే అది ట్రయల్ అవుతుంది. మొదటి మనిషిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐలో, అంటే మన దేశపు ట్రయల్స్ రిజిస్టర్లో, నమోదు చెయ్యాలి, దానికి ఫీజు లేదు. పీహెచ్‌సీలోనో, గ్రామంలోనో చేస్తే జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి నుంచి, అక్కడి మెడికల్ ఆఫీసరు నుంచి అనుమతి ఉత్తరాలు కూడా కావాలి.

సమ్మతి పత్రం తెలుగులో రాయండి. అచ్చు పుస్తకం తెలుగులో రాస్తే ఎవరికీ అర్థం కాదు. "ఈ అధ్యయనమునందు పాల్గొనుటకు" అని మొదలుపెట్టకండి. "మీ పాదాలకి స్పర్శ ఉందో లేదో ఒక సన్నటి నైలాను దారంతో చూస్తాం. నొప్పి ఉండదు. వద్దంటే ఎప్పుడైనా మానెయ్యొచ్చు. మానేసినా మీ వైద్యం ఆగదు" అని రాయండి. చదువు రానివాళ్ళకి చదివి వినిపించి, మీ బృందంలో లేని ఒక సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. సీతంపేట వైపు సవర గూడేల్లో పని చేస్తే ఆ భాష వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. ఫోటోకి విడిగా అనుమతి అడగండి. ముఖం లేదు కదా అనుకోవద్దు. పిక్క మీద పేరుతో ఉన్న పచ్చబొట్టు, ప్రత్యేకమైన మెట్టెలు చూసి ఊళ్ళో ఎవరైనా గుర్తుపట్టేస్తారు.

ఐదో అడుగు: కొలవడం నేర్చుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. పాదాల పరీక్ష చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి.

స్పర్శకి 10 గ్రాముల మోనోఫిలమెంట్ వాడతారు. పిడికి తగిలించిన నైలాను దారం అది. ముందుగా పేషెంటు చేతి మీద తాకించి "ఇలా ఉంటుంది" అని చూపించండి. తర్వాత కళ్ళు మూసుకోమనండి. బొటనవేలి కింద, బొటనవేలి మొదట్లో అరికాలి మెత్త మీద, చిటికెనవేలి మొదట్లో అరికాలి మెత్త మీద, మూడు చోట్లు. దారాన్ని నిలువుగా పెట్టి, అది విల్లులా వంగేదాకా నొక్కి, ఒకటి రెండు సెకన్లు ఉంచి తియ్యండి. చర్మం మీద జార్చకండి. ఆనెకాయ మీద, పుండు మీద పెట్టకండి. "తగిలిందా?" అని మీరు ప్రతిసారీ అడిగితే మొహమాటానికి "తగిలింది బాబూ" అనేస్తారు. అందుకే మధ్యలో ఒకసారి దారం పెట్టకుండానే అడగాలి. అప్పుడూ "తగిలింది" అంటే మొత్తం మళ్ళీ మొదలుపెట్టాలి.

ఒకసారి ఒక పెద్దావిడ పాదం నా ఒళ్ళో పెట్టుకుని ఇలా చూస్తున్నాను. మూడు చోట్లా "నాకేటీ తెలీట్లేదు బాబూ" అంది. మడమ పగులు లోపల నల్లగా ఏదో ఉంటే మట్టి అనుకుని తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. చూస్తే తుమ్మముల్లు, లోపలికంటా దిగి విరిగి ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఆవిడకి తెలీదు. దాని మీదే పొలానికి వెళ్ళి వస్తోంది. ఆ రోజు నుంచి మా ఫారంలో మొదటి గడి "పాదం కడిగి చూశారా?" అని పెట్టాను. కడగకుండా చూసిన పాదం చూడని పాదంతో సమానం.

ఒక దారంతో పది మందిని పరీక్షించాక దానికి 24 గంటలు విశ్రాంతి ఇవ్వాలి, లేకపోతే బిగువు తగ్గి లెక్క మారిపోతుంది. అంటే క్యాంపుకి వెళ్తే కనీసం నాలుగైదు దారాలు ఉండాలి. అసలు దారమే లేకపోతే ఇప్స్‌విచ్ టచ్ టెస్ట్ ఉంది. రెండు పాదాల మీద ఒకటి, మూడు, ఐదో వేళ్ళ కొసలని మీ చూపుడు వేలితో అలా తాకి తీసేయడమే. ఇంటి మనుషులు, ఆశా కార్యకర్తలు కూడా చెయ్యగలరు. ఆశా అక్కలు చేసిన పరీక్షా, మీరు మోనోఫిలమెంట్‌తో చేసిన పరీక్షా ఎంతవరకు కలుస్తున్నాయో చూడడం దానికదే ఒక మంచి ప్రాజెక్టు.

కంపనానికి 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, బొటనవేలి ఎముక మీద. రక్తప్రసరణకి పాదం పైన, చీలమండ లోపలి వైపు వెనక నాడి పట్టి చూస్తారు. రక్తం పారే చప్పుడు వినిపించే, చేతిలో పట్టుకునే డాప్లర్ పరికరం దొరికితే చీలమండ బీపీని చేతి బీపీతో భాగించి ఏబీఐ లెక్క కడతారు. 0.9 కంటే తక్కువైతే ప్రసరణ తగ్గినట్టు. డయాలసిస్ యూనిట్లో పని చేసేవాళ్ళు రెండు విషయాలు మర్చిపోకూడదు. డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన (ఫిస్టులా ఉన్న) చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. కిడ్నీ రోగుల్లో, చాలాకాలం షుగర్ ఉన్నవాళ్ళలో రక్తనాళాలు సున్నం పట్టి గట్టిపడతాయి, అందువల్ల ఏబీఐ 1.4 దాటి వస్తే అది ఆరోగ్యం కాదు. ఆ నంబరు చూసి "నార్మల్" అని రాస్తే ప్రమాదంలో ఉన్న పాదాన్ని మనమే ఇంటికి పంపినట్టు.

పుండు సైజుకి ఖరీదైన యాప్ అక్కర్లేదు. శుభ్రమైన పారదర్శక షీటు రెండు పొరలుగా పుండు మీద పెట్టి, సన్న మార్కరుతో అంచు గీసి, పుండుకి తగిలిన పొర పారేసి, పై పొరని గ్రాఫ్ కాగితం మీద పెట్టి గళ్ళు లెక్కపెట్టండి. వారం వారం అలా గీసిన బొమ్మలు వరసగా పెడితే పుండు కథంతా కనిపిస్తుంది. అరికాలి వేడి చూడ్డానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చాలు. రెండు పాదాల్లో ఒకే చోట 2.2 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తేడా ఉంటే లోపల ఏదో మొదలవుతోందని హెచ్చరిక. బయట ఎండలోంచి వచ్చిన మనిషిని కాసేపు నీడలో కూర్చోబెట్టాకే చూడండి.

అసలు పని మొదలుపెట్టే ముందు మీరు, మీ స్నేహితురాలు కలిసి అవే ఇరవై మందిని విడివిడిగా, ఒకరికొకరు చెప్పుకోకుండా పరీక్షించండి. ఇద్దరి ఫలితాలు పక్కపక్కన పెట్టి చూడండి. కలవకపోతే ఇంకా సాధన కావాలి. ఇద్దరి ఫలితాలు ఎంతవరకు కలిశాయో చెప్పే నంబరుని కప్పా అంటారు. ఈ నంబరు మీ వ్యాసంలో ఉంటే చదివేవాళ్ళకి మీ మీద నమ్మకం కుదురుతుంది.

ఆరో అడుగు: ఎంతమంది కావాలి

ఎంతమందిలో ఉందో తెలుసుకునే అధ్యయనానికి మన కాలేజీల్లో అందరూ వాడే సూత్రం 4పీక్యూ బై డీ స్క్వేర్. పీ అంటే ఆ లక్షణం ఉన్నవాళ్ళ శాతం, క్యూ అంటే లేనివాళ్ళ శాతం, డీ అంటే మనం ఒప్పుకునే తేడా. పాత అధ్యయనాల్ని బట్టి 30 శాతం మందికి స్పర్శ తగ్గి ఉంటుందని అనుకుందాం. అటూ ఇటూ 6 శాతం తేడా పర్వాలేదనుకుంటే 4 × 30 × 70, దాన్ని 36తో భాగిస్తే 234 మంది. 10 శాతం తేడా ఒప్పుకుంటే 84 మందే చాలు. రెండు నెలల్లో ఒక్కరే చేసేటప్పుడు ఎంతవరకు సాధ్యమో గైడ్‌తో నిజాయితీగా మాట్లాడుకోండి. వారానికి పాతిక మందికి మించి శ్రద్ధగా చూడలేరు.

పాదాల పరిశోధనలో అందరూ జారే చోటు ఒకటుంది. అరవై మందిని చూసి "నూట ఇరవై పాదాలు" అని రాసేస్తారు. ఒకే మనిషి రెండు పాదాలూ ఒకే రక్తం, ఒకే షుగర్, ఒకే చెప్పుల జతతో బతుకుతాయి. అవి రెండు వేర్వేరు సాక్ష్యాలు కావు. మనిషిని లెక్కపెట్టండి, లేదా ఎక్కువ పాడైన పాదాన్ని ఒక్కదాన్నే తీసుకోండి. ఏది చేస్తారో ముందే ప్రపోజల్లో రాసెయ్యండి. లెక్కలకి జమోవి అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ పడేవాళ్ళు కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలో స్టాటిస్టీషియన్‌ని పని అయ్యాక కాకుండా మొదలుపెట్టక ముందే కలవాలి.

ఏడో అడుగు: ఊళ్ళోకి వెళ్ళినప్పుడు

ముందు ఏఎన్‌ఎం గారితో, ఆశా అక్కతో మాట్లాడండి. వాళ్ళు తీసుకెళ్ళిన ఇంట్లో మిమ్మల్ని కూర్చోమంటారు. మీరే వెళ్తే లోన్ వాళ్ళు అనుకుంటారు. నాట్లప్పుడు, కోతలప్పుడు పగటిపూట ఎవరూ దొరకరు. సాయంత్రం పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునే వేళ మంచిది, పాదాలు శుభ్రంగా ఉంటాయి, మనిషి కూడా నిమ్మళంగా ఉంటాడు. పెద్దవాళ్ళు తమ పాదాలు ముట్టుకోనివ్వడానికి సిగ్గుపడతారు, ముఖ్యంగా చదువుకున్న పిల్లలు ముట్టుకుంటే. కింద కూర్చుని, గుడ్డ పరిచి, "అమ్మా, మా అమ్మమ్మ కాలైతే చూడనా?" అంటే తేలికపడతారు.

వివరాలు ఫోన్లో కోబో టూల్‌బాక్స్ ఫారంలో నింపుకోవచ్చు. సిగ్నల్ లేకపోయినా పని చేస్తుంది. పేర్ల జాబితా వేరే చోట పెట్టి, ఫారంలో నంబరు మాత్రమే రాయండి. పుండో, నల్లబడిన వేలో కనిపిస్తే డేటా సంగతి తర్వాత. ముందు ఆ మనిషి ఆసుపత్రికి చేరాలి. ఎవరి దగ్గరకి పంపాలో ప్రపోజల్ రాసేటప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: రాయడం, చెప్పడం

పరిశీలన అధ్యయనాలకి స్ట్రోబ్ అనే 22 అంశాల పట్టిక ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని రాస్తే ఏదీ మర్చిపోరు. ఒక్క అరుదైన పాదం గురించే రాయాలనుకుంటే కేస్ రిపోర్టుకి కేర్ పట్టిక ఉంది. ఎవరి పేరు రచయితల్లో ఉండాలో పని మొదట్లోనే మాట్లాడుకోండి. అడగడం ఇబ్బందే గానీ చివర్లో వచ్చే గొడవ కంటే నయం. అంగీకార పత్రం మూడు రోజుల్లో ఇచ్చేసి డబ్బు కట్టమనే జర్నల్స్ నుంచి మెయిళ్ళు వస్తాయి. వాటికి జవాబు ఇవ్వకండి. ఇండియన్ జర్నల్ ఆఫ్ లెప్రసీ, జర్నల్ ఆఫ్ ఫుట్ అండ్ యాంకిల్ రీసెర్చ్ లాంటివి చదివి మీ పని ఎక్కడ ఇముడుతుందో గైడ్‌తో చూసుకోండి. దానికి ముందు డయాబెటిక్ ఫుట్ సొసైటీ ఆఫ్ ఇండియా, మధుమేహ పరిశోధకుల సంఘమైన ఆర్‌ఎస్‌ఎస్‌డీఐ సదస్సుల్లో పోస్టరు పెట్టడం మంచి సాధన. పాదాల మీదే బతుకంతా పని చేసేవాళ్ళు అక్కడ దొరుకుతారు.

విదేశాల్లో పోడియాట్రీ చదవబోయేవాళ్ళకి ఈ అనుభవం దరఖాస్తులో నిలబడుతుంది. ఇప్పటికే అక్కడ చదువుతూ సెలవుల్లో ఇక్కడ పని చెయ్యాలనుకునేవాళ్ళు రెండు చోట్లా ఎథిక్స్ అనుమతి తీసుకోవాలి. విదేశీ నిధులుగానీ, విదేశీ సంస్థ భాగస్వామ్యంగానీ ఉంటే మన ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా అవసరం. దానికి నెలలు పడుతుంది, టికెట్ బుక్ చేసుకునే ముందే మొదలుపెట్టండి.

ఇంకో పని మిగిలి ఉంటుంది. దాన్ని ప్రపోజల్ టైమ్‌టేబుల్లోనే ఒక వారంగా రాసి పెట్టుకోండి. అదే ఊరికి మళ్ళీ వెళ్ళాలి. ఒక పేజీ తెలుగులో: ఎంతమందిని చూశాం, ఎంతమందికి స్పర్శ తగ్గింది, ఏం చెయ్యాలి. ఆశా అక్కకి ఒక కాపీ, పీహెచ్‌సీ డాక్టరు గారికి ఒకటి. స్పర్శ లేదని తేలినవాళ్ళ పేర్లు ఎవరికి ఇవ్వాలో వాళ్ళ అనుమతితోనే ఇవ్వండి. రోజూ రాత్రి పడుకునే ముందు అరికాలు అద్దంలో చూసుకోవడం ఎలాగో వాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళ అద్దంతోనే చూపించండి. అద్దంలో కళ్ళు ఆనకపోతే మనవడినో, కోడలినో పిలిచి వాళ్ళకి నేర్పించి రండి.